గుంటక పక్కకు తిరిగిన చోటు

మా చేనులో సాళ్లు వంకరగా ఉండేవి. ఊళ్లో ఎవరైనా తాగి తూలుతూ పోతుంటే, "చూడప్పా, మీ నాయన సాలు పట్టుకొని పోతాండాడు" అని నాకు చూపించి నవ్వేవాళ్లు. నాయన తాగేవాడు కాదు. తాగకుండానే అంత వంకరగా గుంటక తోలగలిగిన మనిషి కంబదూరు చుట్టుపక్కల ఇంకొకడు లేడని నా గట్టి నమ్మకం. కొడుకన్నాక ఏదో ఒక విషయంలో తండ్రిని చూసి గర్వపడాలి కదా.

వంకరకు కారణం చెట్లు. విత్తే ముందు చేను గుంటక తోలతారు. ఎద్దుల వెనక అడ్డంగా ఉండే ఇనప పలక నేలను పైపైన చెక్కుకుంటూ, దారిలో ఉన్న గడ్డినీ గాదాన్నీ కోసేస్తూ పోతుంది. అందరూ ఎద్దులను చూస్తూ తోలితే నాయన నేలను చూస్తూ తోలేవాడు, ఏదో పారేసుకున్నవాడిలాగా. జానెడు వేప మొలకో, బెత్తెడు తుమ్మ మొలకో కనిపిస్తే "హో" అని ఎద్దుల్ని నిలిపి, గుంటకను పక్కకు లాగి, దాన్ని చుట్టుకొని ముందుకు పోయేవాడు. అన్నిటికీ ఆ మర్యాద లేదు. కొన్నిటిని తనే వంగి పీకేసేవాడు.

"దాన్ని పీకితివి, దీన్ని పెడితివి. ఏంటికి నాయనా?" అని ఒకసారి అడిగాను.

"దానికి పక్కన ఇంగొకటి ఉండాది. ఇది ఒంటిది" అన్నాడు.

ఇంతకన్నా పెద్ద సిద్ధాంతం ఏదైనా చెబుతాడేమోనని ఎదురుచూశాను. ఎద్దులు కదిలాయి.

ఆ మొలకలు మేం నాటినవి కావు. కాకి వేపపండు తిని గింజ పడేస్తుంది. ఎండాకాలంలో ముదిగుబ్బ దిక్కు నుంచి వచ్చే గొర్రెల మంద చేనులో మకాం చేస్తే, అవి తిన్న తుమ్మకాయల గింజలు ఎరువుతో పాటే నేలలో పడతాయి. వాన పడితే మొలుస్తాయి. గుంటక తప్పించుకున్నవి చెట్లవుతాయి. మా తాత గుంటక తిప్పిన చోట కానుగ, ఆయన తండ్రి తిప్పిన చోట వేపలు, నాయన తిప్పిన చోట తుమ్మలు. చేను మధ్యలో అలా ఏడు చెట్లు. గట్ల మీది సీతాఫలం, రేగు, బందారు పొదలు వేరే లెక్క. అంటే మా చేనుకు పటం గీసింది కాకులూ గొర్రెలూ. మా వంశం చేసిన ఘనకార్యమల్లా అడ్డం రాకుండా పక్కకు తిరగడం.

వానలకు ముందు నాయన ఆ చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాడు. లేకపోతే నీడలో పైరు ఎదగదు. ఆకు చేనుకు, పుల్ల పొయ్యికి, ముళ్లకంప గట్టుకు, లేత రెమ్మలు మేకలకు. కొత్తగా క్షవరం చేయించుకున్న పిల్లల్లాగా చెట్లు కాస్త సిగ్గుగా నిలబడేవి. పైరు కోతకొచ్చేసరికి మళ్లీ చిగురించేవి. కింద శెనక్కాయ, మధ్య మధ్యన కంది సాళ్లు, అంచుల్లో సజ్జ, అనుములు, అలసందలు. ఇంత వడ్డన ఉంటే పిలవకుండానే చుట్టాలు వస్తారు. కానుగ పూసినప్పుడు చెట్టంతా తేనెటీగల మోత. తుమ్మ కొమ్మలకు గిజిగాళ్ల గూళ్లు ఊగేవి. వేప మీద పాలపిట్ట, ఊరి పెద్దమనిషిలాగా, పని చేయకుండా అందరినీ గమనిస్తూ కూర్చునేది. గట్టు పొదల్లో కౌజులు, కౌజుల కోసం ముంగిస. ముంగిస కోసం ఎవరూ రాలేదు, అక్కడికి అదే పెద్దది. తొండలు రాళ్ల మీద కూర్చొని మేం ఏ పని చేసినా తల ఊపి ఒప్పుకునేవి.

అనంతపురంలో చదువుకుంటున్నప్పుడు ఒక ఉపన్యాసంలో దీన్నంతా జీవవైవిధ్యం అంటారని విన్నాను. మా ఊళ్లో దీనికి అప్పటికే ఒక పేరుంది: మా నాయన బద్ధకం.

గట్టుకు అవతలి చేను మా చిన్నాయనది, నాయనకు సొంత తమ్ముడు. భాగాలు పంచుకున్న ఏడాదే ఆయన తన వంతుకు వచ్చిన చెట్లన్నీ కొట్టించేశాడు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఒకటే శెనక్కాయ, పచ్చ దుప్పటి పరిచినట్టు. సాళ్లు స్కేలు పెట్టి గీసినట్టుండేవి. తరవాత ట్రాక్టరు కొన్నాడు. ఊరంతా వచ్చి చూసి మెచ్చుకుంది. నాయన కూడా పోయి, దాని చుట్టూ ఒకసారి తిరిగి, వెనక భాగం దగ్గర వంగి చూసి, "అంతా బాగుండాది గానీ, పేడ యాడ పెడతాదిరా?" అన్నాడు.

అందరూ నవ్వారు, చిన్నాయన తప్ప. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నాకు వెటకారం ఎక్కడి నుంచి వచ్చిందో, దాని వల్ల ఎంత లాభమో, రెండూ నాకు ఒకే రోజు తెలిశాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో వానలు వరసగా మొహం చాటేశాయి. మేత లేక ఎద్దుల్ని అమ్మేశాం. నాయన, అమ్మ, అన్న ముగ్గురూ కట్టడాల పనికి బెంగళూరు పోయారు. నాకు చదువు అప్పుడే అయిపోయింది, ఉద్యోగం మాత్రం మొదలు కాలేదు. ఇంటికి తాళం వేస్తే ఊళ్లో మన పని అయిపోయిందనుకుంటారని నాయన భయం. అందుకని తాళానికి బదులు నన్ను పెట్టి పోయారు. తాళం తిండి అడగదు. ఆ తేడా తప్ప ఇద్దరి పనీ ఒకటే, ఉన్నచోట ఉండడం.

ఒంటరితనం గురించి గంభీరంగా ఏదైనా చెప్పాలని ఉంది గానీ, నా అనుభవంలో అది ముఖ్యంగా వంట సమస్య. రాగి సంగటి ఒక్క మనిషికి చేయడం ఎవరి వల్లా కాదు. ఎంత తక్కువ పోసినా ఇద్దరికి అవుతుంది. మిగిలిన ముద్ద గోడ మీద కాకికి పెట్టేవాణ్ని. అది తిని, బాగుందో లేదో చెప్పకుండా ఎగిరిపోయేది. నా వయసువాళ్లంతా బెంగళూరులోనో బళ్లారిలోనో ఉన్నారు. మేం వాలీబాల్ ఆడిన చోట తంగేడు మొలిచింది.

మధ్యాహ్నాలు చేనుకు పోయేవాణ్ని. అక్కడ పనేమీ లేదు, ఇంట్లోనూ లేదు. పని లేకపోవడానికి చేనే మంచి చోటు. కానుగ కింద పడుకొని, రోజంతా మాట్లాడకపోతే గొంతు తుప్పు పడుతుందని చెట్లతో మాట్లాడేవాణ్ని. జోకులు కూడా వేశాను. ఏడింటిలో ఒక్కటీ నవ్వలేదు. గొరవంకలు మాత్రం నా మాట పూర్తి కాకముందే ఒకదాని మీద ఒకటి విరుచుకుపడేవి, అచ్చం ఇంట్లో అమ్మా నాయనా లాగా. అప్పుడు కళ్లు మూసుకుంటే కాసేపు బాగుండేది.

ఆదివారం ఆదివారం అంగడి ముందున్న రూపాయి డబ్బా ఫోనుకు నాయన చేసేవాడు.

"రేయ్, వానొచ్చిందా?"

"మబ్బొచ్చింది నాయనా."

"మబ్బును ఏం చేసుకుంటాము? చూడు, ఈ తూరి పైరు పెడితే కోతకు అందరమూ వస్తాము. వచ్చి ఇంగ ఆడనే ఉండిపోతాము. మీ అమ్మ కూడా అదే అంటాంది. పైరు పెట్టలేకపోతే తాళమేసి నువ్వే ఈడికి వచ్చెయ్. ఎన్నాళ్లని ఒగనివే ఉంటావు?"

ఫోను పెట్టాక విషయం తేటగా అర్థమైంది. విత్తనం పడితే ఇంట్లోకి మనుషులు వస్తారు. పడకపోతే నిజం తాళం వస్తుంది, నా ఉద్యోగం పోతుంది.

వాన ఆషాఢంలో వచ్చింది. మంచి వానే. మా ఎర్రనేల తడిని ఎక్కువ రోజులు దాచుకోదు, ఆరేలోగా విత్తాలి. ఊళ్లో మిగిలిన కొద్ది కాడెద్దులూ వాళ్ల వాళ్ల చేలల్లో ఉన్నాయి. ఇక దిక్కు ట్రాక్టరే. పోయి చిన్నాయన ఇంటి ముందు నిలబడ్డాను. ఆయన చక్రం దగ్గర కూర్చొని గ్రీజు పెడుతున్నాడు.

"ఏమప్పా, దోవ తప్పి వచ్చినావా?"

"చేను దున్నియ్యాల చిన్నాయనా."

"మీ నాయన చెప్పినాడా?"

"మా నాయన బెంగళూరులో ఉండాడు."

"యాడుంటేనేమి, పేడ సంగతి కనుక్కోమనలేదా?"

నవ్వకుండా ఉండడానికి చాలా కష్టపడ్డాను. ఆయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు, అవసరమైన దానికంటే ఎక్కువసేపు.

"దున్నుతా, విత్తుతా. మా అన్న కొడుకువి, కాదంటానా? అయితే అది చేనా, అడివా? నడాన ఏడు చెట్లు! ఏర్లు తగిలితే నాగళ్లు ఇరిగిపోతాయి. రేపు పొద్దున అంచులు దున్నుతా. అవి అయ్యేలోపల నడాన ఉండేటివి కొట్టించెయ్. మనుషుల్ని నేనే పంపిస్తా."

"ఏడూనా?"

"లేదు, నాలుగు పెట్టుకో. పందిరేసుకొని పెండ్లి చేసుకుందువు!"

నాయన పని చేసే చోట కాపలావాడి గదిలో ఫోను ఉంది. చేసి పిలిపించాను. ఆయాసపడుతూ వచ్చాడు. సంగతి చెప్పాను. అటు పక్క కాంక్రీటు కలిపే మిషను చప్పుడు. చాలాసేపు అదొక్కటే మాట్లాడింది.

"నేను ఆడ లేను గదప్పా" అన్నాడు చివరికి. "ఉండేది నువ్వు. నీకెట్ల తోస్తే అట్ల చెయ్."

నాయన నాకు స్వేచ్ఛ ఇవ్వడం అదే మొదటిసారి. వద్దు నాయనా, నువ్వే ఉంచుకో అనాలనిపించింది.

సాయంత్రం చేనుకు పోయి కానుగ కింద కూర్చున్నాను. చెట్టు కింద కూర్చుంటే జ్ఞానం వస్తుందంటారు. నాకు చీమలు కుట్టాయి. గోక్కుంటూ న్యాయంగానే ఆలోచించాను. నెలల తరబడి నాకు తోడున్నవి ఈ చెట్లే, ఆ మాట నిజం. అయితే అమ్మ వస్తే సంగటి నలుగురికి అవుతుంది, ముద్ద మిగలదు. అన్న గురక పెడతాడు. ఆ గురకను తిట్టుకుంటూ నిద్రపోవచ్చు. తడి అప్పటికే కాలి కింద తగ్గుతోంది. లేచి పోయి, "సరే చిన్నాయనా, కొట్టించెయ్" అన్నాను.

ఆయన సంతోషపడతాడనుకున్నాను. "ఊ" అని ఊరుకున్నాడు.

పొద్దున గొడ్డళ్లతో ఇద్దరు మనుషులు వచ్చి గట్టు మీద కూర్చొని బీడీలు ముట్టించారు. చిన్నాయన తనే ట్రాక్టరు తోలుకొని దిగాడు. అంచు వెంబడి మొదటి చుట్టు, గీత గీసినట్టు. రెండోదీ అంతే. నేను వెనకాల నడుస్తున్నాను. నా అవసరం ఏమీ లేదు, అయినా దున్నేటప్పుడు ఒకడు వెనక నడవాలి కదా అని. ఉన్నట్టుండి, చుట్టుపక్కల ఏ చెట్టూ లేని చోట, ట్రాక్టరు ఎడమకు ఒరిగింది. విల్లులాగా వంగి, మళ్లీ సాలులోకి వచ్చి ఆగిపోయింది.

బండరాయేమోనని పరుగెత్తాను. ఆ వంపు లోపల బెత్తెడు వేప మొక్క ఉంది. ట్రాక్టరు గాలికి ఇంకా ఊగుతోంది.

చిన్నాయన దిగాడు. మొక్కను చూశాడు. వెనక్కి తిరిగి సాలును చూశాడు. ఆయన ట్రాక్టరు కొన్నాక వేసిన మొదటి వంకర సాలు అది.

"ఏమైంది చిన్నాయనా?"

"స్టీరింగు ఎడమకు లాగుతాంది. మెకానిక్కుకు చూపియ్యాల."

"సరిగ్గా మొక్క దగ్గరే లాగిందా?"

"యాడ లాగాలనేది నిన్నడిగి లాగుతాదా?"

నేను వంగి మొక్కను పీకబోయాను. నిజంగానే పీకే ఉద్దేశం. పెద్ద చెట్లు ఏడూ పోతున్న చేనులో ఇదొక్కటి ఎందుకు?

"రేయ్, ఉండనీరా దాన్ని!" అని అరిచాడు. తన అరుపుకు తనే ఉలిక్కిపడి, గొంతు తగ్గించి, "ఒంటిది గదప్పా" అన్నాడు.

ఆ మాట అంతకుముందు నాయన నోట తప్ప ఎవరి నోటా వినలేదు. అప్పుడు తట్టింది. మా తాత గుంటక తోలుతుంటే వెనక నడిచిన పిల్లలు ఇద్దరు. ఒకడు తరవాత చెట్లు కొట్టించి ట్రాక్టరు కొన్నాడు. అయితే ట్రాక్టరుతో పాటు కొత్త చేతులు ఇవ్వరు.

గట్టు మీదినుంచి గొడ్డళ్లవాళ్లు కేకేశారు. "అన్నా, మొదులు పెట్టేదా?"

చిన్నాయన ఒకసారి కానుగ వైపు, ఒకసారి బెత్తెడు మొక్క వైపు చూశాడు. దీనికి పక్కకు తిరిగి, దానికి తిరగలేదంటే ఊళ్లో ఏమంటారో అనే లెక్క ఆయన ముఖంలో కనిపించింది.

"పై కొమ్మలు కొట్టండప్పా. నీడ జాస్తి ఉండాది. మొదుళ్ల జోలికి పోవద్దండి" అన్నాడు. ఏటా నాయన చేసే పనే అది, నాయన లేడు కాబట్టి ఆ ఏడాది జరగలేదు.

ఆ రోజు ప్రతి చెట్టు దగ్గరా మా నాయనను ఒక తిట్టు తిట్టి, ట్రాక్టరును పక్కకు తిప్పాడు. ఏ తిట్టూ మళ్లీ వాడలేదు. ఒక్క నాగలీ విరగలేదు. ఆ సంగతి ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పుడప్పుడు నోరు మూసుకోవడం కూడా నాకు చేతనవును. మరునాడు విత్తనం పడింది. ఫోనులో చెబితే నాయన మొదట, "చెట్లు?" అని అడిగాడు.

"క్షవరమైంది."

నాయన నవ్వాడు. మిషను చప్పుడులో కూడా వినిపించింది.

కథ ఇక్కడ ఆపితే బాగుంటుంది. వాన కూడా అక్కడే ఆగింది. శ్రావణమంతా ఎండ. పైరుకు పురుగు పడితే పిట్టలు మా చెట్ల మీద దిగి బాగానే తిన్నాయి. అలాగని మా చేను తప్పించుకుందని చెప్పలేను, అవతలి చేనుకన్నా కాస్త తక్కువ నష్టం, అంతే. కాయ పట్టే సమయానికి ఒక్క చినుకు లేదు. శెనక్కాయ కట్టె మిగిలింది, కాయ లేదు. నిటారు సాళ్లకూ లేదు, వంకర సాళ్లకూ లేదు. ఆ విషయంలో పైవాడు పక్షపాతం చూపలేదు.

తేడా తరవాత కనిపించింది. చిన్నాయన చేను బోడిగా, ఎర్రగా, ఎవరో ఖాళీ చేసి పోయిన ఇల్లులాగా ఉంది. మా చేనులో కంది నిలబడింది, అనుములు తీగ సాగాయి, ఆలస్యంగా పడ్డ చిన్న వానకు రెండూ పూశాయి. గట్టు మీద సీతాఫలాలు కళ్లు తెరిచాయి. చుట్టుపక్కల చేలల్లో నీడ లేక, తిండి లేక తిరిగే పిట్టలూ ఉడుతలూ అన్నీ మా దగ్గరికే చేరాయి. అద్దె లేని సత్రం. ఇంటికి రావలసినవాళ్లు తప్ప అందరూ వచ్చారు.

"శెనక్కాయ లేదంటావు" అన్నాడు నాయన ఫోనులో.

"లేదు."

"కంది?"

"ఉండాది. ఒగ మనిషి కోస్తే అయిపోతాది."

అన్నాక నాలుక కరుచుకున్నాను. ఒక్క మనిషికి సరిపోయే కోతకు ముగ్గురు ఎందుకు వస్తారు?

నాయన ఒక్కడే వచ్చాడు, పొద్దున బస్సుకు. సాయంత్రం బస్సుకు పోవాలి. చేను చుట్టూ తిరిగాడు, ఒక్కో చెట్టు మొదలు మీదా చేయి వేసి చూశాడు, సంతలో పశువుల్ని చూసినట్టు. వంకర సాలు దగ్గర ఆగాడు. వేప మొక్క అప్పటికి మూరెడైంది.

"ఈడ తిప్పినదెవురు?"

"స్టీరింగు" అన్నాను.

నాయన తలెత్తి గట్టు వైపు చూశాడు. చిన్నాయన అక్కడ నిలబడి ఉన్నాడు, ఎప్పుడొచ్చాడో. ఇద్దరూ ఎవరి చేనును వాళ్లు చూసుకున్నారు.

"పేడ పెట్టలేదులే అన్నా" అన్నాడు చిన్నాయన. "మొక్కనైతే పెట్టింది."

నాయన మొక్క పక్కన గొంతుక్కూర్చొని, "రోంత రేగుకంప తేపో" అన్నాడు. నాకనుకొని కదిలాను. చిన్నాయన అప్పటికే పొద వైపు పోతున్నాడు.

ఇద్దరూ కలిసి మొక్క చుట్టూ కంప నాటారు. ముళ్లు గుచ్చుకున్నప్పుడల్లా ఒకరు కంపను తిట్టారు, ఇంకొకరు ఆ తిట్టును సరిదిద్దారు. అన్నేళ్ల తరవాత వాళ్లు మాట్లాడుకున్నది మొత్తం అంతే.

సాయంత్రం బస్సు కోసం నిలబడ్డప్పుడు అడిగాను. "తాళం వేసి నేనూ వచ్చేదా నాయనా?"

నాయన రోడ్డు వైపు చూశాడు.

"వచ్చే వానలకు అందరమూ వస్తాములే" అన్నాడు. "నువ్వొస్తే ఆ మొక్కకు నీళ్లు ఎవురు పోస్తారు?"

ఆ విధంగా నాకు పదోన్నతి వచ్చింది. తాళం నుంచి బిందెనయ్యాను. వేప నీడ ఇవ్వడానికి ఎన్నేళ్లు పడుతుందో నాకు తెలుసు, నాయనకు ఇంకా బాగా తెలుసు. అయినా కంప నాటాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆ సంగతే ఆలోచిస్తూ నిలబడ్డాను. తరవాత ఇంటికి వచ్చి పొయ్యి వెలిగించాను.

రోజూ ఒక బిందె పోసేవాణ్ని. అంత కాపలాలోనూ ఒక మేక మెడ చాచి కంప పైనుంచి మొక్క కొస కొరుక్కుపోయింది. ఆదివారం ఫోను వచ్చింది.

"మొక్క ఎట్లుండాది?"

"ఉండాది. కొస మేక తినింది."

"తిననీలే. కొస పోతే పక్కన రెండు కొమ్మలేస్తాది" అన్నాడు. కాసేపు మిషను మాట్లాడింది. "అది సరే, నువ్వు తింటివా?"

"తింటి" అన్నాను.

సంగటి ఇంకా పొయ్యి మీదే ఉంది, ఇద్దరికి సరిపడా.